ఇల్లు కుదుటపడేదాకా ఆగకుండా నవల పూర్తి చేయడం ఎలా?

సగం రాసిన నవలను బీరువాలో పెట్టుకుని, ఇంటి పరిస్థితి చూసి దాన్ని ముట్టుకోలేకపోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాన్న మంచాన పడి ఉండొచ్చు. పొలం పంపకాల్లో అన్నదమ్ములు మాటలు మానేసి ఉండొచ్చు. రొయ్యల గుంటలకు వైట్ స్పాట్ జబ్బు తగిలి, అప్పిచ్చినవాళ్లు రోజూ ఫోన్ చేస్తుండొచ్చు. మీ ఆయన కువైట్ వెళ్లిపోయి, పిల్లలూ పెద్దవాళ్లూ మీ ఒక్కరి మీదే పడి ఉండొచ్చు. "అన్నీ సర్దుకున్నాక కూర్చుంటా" అనే మాట నెల్లూరు, ఒంగోలు వైపు రాసేవాళ్ల నోట ఎన్నోసార్లు విన్నాను. కావలిలో మా ఇంట్లోనూ అమ్మ మంచం మీద ఉన్న రోజుల్లోనే నా రెండో నవల పూర్తయింది. ఆ అనుభవంతో చెబుతున్నాను, సర్దుకునే రోజు కోసం నవలను ఆపొద్దు.

ఎంత కష్టకాలంలోనైనా పావుగంటలు, అరగంటలు దొరుకుతూనే ఉంటాయి. నవలను దెబ్బతీసేది విరామం. పది రోజుల తర్వాత తెరిస్తే కథ ఎక్కడుందో గుర్తురాదు. పాత పేజీలు చదివేసరికి దొరికిన అరగంటా అయిపోతుంది. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి తెరవబుద్ధి కాదు. అందుకే కింద చెప్పే పనులన్నీ ఒక్కదాని కోసమే: ఎన్ని రోజుల తర్వాత తెరిచినా, కూర్చున్న రెండు నిమిషాల్లో మళ్లీ కథలో పడగలగాలి.

1. వచ్చిన కష్టం ఎలాంటిదో ముందు తేల్చుకోండి

అన్ని కష్టాలకూ ఒకే మందు పనిచేయదు. రోజుల లెక్క ఉన్నవి కొన్ని: ఆపరేషన్, కాన్పు, పెళ్లి, ఇంట్లో చావు. వీటిలో నవలను పూర్తిగా మూసేయండి. పెద్దకర్మ అయ్యేదాకా కాగితం ముట్టుకోనక్కర్లేదు. అయితే మూసేముందే క్యాలెండర్‌లో తిరిగి తెరిచే తేదీ మీద గుండ్రంగా గీత గీయండి. తేదీ లేని విరామం నెలలకు సాగిపోతుంది.

రెండో రకం నెలల తరబడి నడిచేది. పక్షవాతం, కీమో, డయాలసిస్ ఇలాంటివి. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు. కనిగిరి వైపు కిడ్నీ జబ్బు చూసిన ఇళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. తోడు వెళ్లినవాళ్లు ఆ నాలుగు గంటలూ బయట కుర్చీలోనే కూర్చోవాలి. అందులో మొదటి గంట మనిషిని లోపలికి పంపడం, మందులు, బిల్లులతో పోతుంది. చివరి అరగంట మళ్లీ హడావుడి. మధ్యలో కనీసం ఒక గంట నిజంగా మీదే. ఈ రకం కష్టంలోనే నవలలు పూర్తవుతాయి, ఎందుకంటే దీనికి ఒక వరస ఉంటుంది. ఆ వరస ఏమిటో ఒక వారం గమనించి కాగితం మీద పెట్టండి.

మూడోది ఎప్పుడు తేలుతుందో తెలియనిది. విడాకులు, ఆస్తి తగాదా, అప్పులు. ఇక్కడ చేతులు ఖాళీగానే ఉంటాయి, బుర్ర ఖాళీగా ఉండదు. దీనికి నాకు తెలిసిన దారి ఒక్కటే. తెల్లవారి లేచాక, ఫోన్‌లో నెట్ ఆన్ చేయకముందే రాయాలి. లాయర్ మెసేజ్ చదివాక, వదిన ఏమందో విన్నాక ఆ రోజుకిక నవల లేనట్టే.

2. ఉన్నదంతా ఒకచోట చేర్చి లెక్కేయండి

నోటుపుస్తకాల్లో కొంత, ఫోన్‌లో కొంత, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకున్న ముక్కలు కొంత ఉంటాయి. అన్నిటినీ ఒకచోటికి తెచ్చి, టైపు చేసినవి ప్రింటు తీయించండి. చదివేటప్పుడు చేతిలో పెన్ను ఉండకూడదు. దిద్దడం మొదలుపెడితే మొదటి మూడు అధ్యాయాల దగ్గరే నెల గడిచిపోతుంది.

చదివాక సన్నివేశాల జాబితా రాయండి. ఒక్కో సన్నివేశానికి ఒక్క వాక్యం చాలు. పూర్తయినవాటికి టిక్కు, సగంలో ఉన్నవాటికి సున్నా, అసలు రాయనివాటికి గీత పెట్టండి. ఉదాహరణకు రాయాల్సినవి 14 సన్నివేశాలు, ఒక్కోటి సుమారు 1,000 మాటలు అనుకుందాం. మొత్తం 14,000. కూర్చున్నప్పుడల్లా 250 మాటలు రాయగలిగితే 56 సార్లు కూర్చోవాలి. వారానికి నాలుగుసార్లు కుదిరితే 14 వారాలు. "నవల మిగిలిపోయింది" అన్నప్పుడు గుండెల్లో పడే బరువుకీ, "56 సార్లు కూర్చోవాలి" అన్నదానికీ చాలా తేడా ఉంది. రెండోది చేయగలిగే పనిలా కనిపిస్తుంది.

ఆ 14 వారాలు ఏ నెలల్లో పడుతున్నాయో కూడా చూడండి. ప్రకాశంలో పొగాకు ఇల్లయితే జనవరి నుంచి మార్చి దాకా ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రింబవళ్లు మంట కాయాలి. ఒక బ్యారన్ ఆకు క్యూరింగ్ అవడానికి దాదాపు వారం పడుతుంది, ఆ వారం ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర ఉండదు. నెల్లూరు వైపు వరి ఇల్లయితే మార్చి, ఏప్రిల్ కోతలతో గడిచిపోతాయి. ఇంటర్ చదివే పిల్లలుంటే మార్చి మీ చేతిలో ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫాన్లు. ఇవన్నీ పోగా మిగిలిన నెలల్లో కష్టమైన సన్నివేశాలు పెట్టుకోండి. తలమునకలుగా ఉండే నెలల్లో సంభాషణలు, చిన్న వర్ణనలు, దిద్దుబాట్లు చాలు.

3. చివరి సన్నివేశం ఇప్పుడే రాసేయండి

ఇంటి ఇబ్బందుల మధ్య రాసేవాళ్లకి నేను చెప్పే మాటల్లో అన్నిటికంటే గట్టిగా నమ్మేది ఇదే. మామూలు రోజుల్లో ముగింపు తెలియకుండా రాసుకుంటూ పోవచ్చు, అందులో ఆనందమూ ఉంది. ఇల్లు కల్లోలంగా ఉన్నప్పుడు అది కుదరదు. దొరికిన అరగంటలో "ఇది ఎటు పోతోంది?" అని ఆలోచిస్తూ కూర్చుంటే ఒక్క వాక్యమూ పడదు. ముగింపు చిత్తుగా ఉన్నా పర్లేదు, తర్వాత మారినా పర్లేదు. రెండు పేజీలు రాసి, నోటుపుస్తకం అట్ట లోపల అంటించండి. మిగిలిన ప్రతి సన్నివేశాన్నీ దాని ముందు పెట్టి చూడండి. ఆ ముగింపుకి చేర్చనిది ఏదైనా ఉంటే దాన్ని రాయక్కర్లేదు.

జాబితా ఇక్కడే తగ్గుతుంది. పక్కింటి కూతురి ప్రేమకథ, ఊరి సర్పంచ్ ఎన్నిక, తాతగారి ఫ్లాష్‌బ్యాక్ ఇలాంటివాటిలో ఒకటో రెండో నిర్మొహమాటంగా తీసేయొచ్చు. తీసేసినవాటిని చించకండి. వేరే కవర్లో పెట్టండి, కథలుగా పనికొస్తాయి.

4. ఆగిన చోటు చీటీ

లేచేముందు రెండు నిమిషాలు దీనికి ఉంచుకోండి. మంచం మీది మనిషి పిలిచినా, కుక్కర్ విజిల్ వేసినా, ఈ చీటీ రాశాకే లేవాలి. మరీ తొందరైతే ఫోన్‌లో మాటల్లో చెప్పి రికార్డు చేసుకోండి. ఉదాహరణకు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద సాగే నవల అనుకోండి. చీటీ ఇలా ఉండాలి:

"పెంచలయ్య గట్టు మీద ఉన్నాడు. రాత్రి రెండున్నర. కరెంటు పోయింది, ఏరియేటర్లు ఆగాయి. జనరేటర్లో డీజిల్ లేదని వాడికింకా తెలీదు. తర్వాత: డబ్బా ఊపి చూస్తాడు. కొడుక్కి ఫోన్ చేస్తాడు, వాడు ఎత్తడు. కోపం కొడుకు మీద కాకుండా పక్కనున్న కూలివాడి మీద పోవాలి. మొదటి వాక్యం: టార్చి వెలుగులో నీళ్ల మీద"

అంతే. ఆ చివరి వాక్యం కావాలనే సగంలో వదిలాను. మళ్లీ కూర్చున్నప్పుడు ఖాళీ పేజీ ఎదురవదు, పూర్తి చేయాల్సిన వాక్యం ఎదురవుతుంది.

చీటీలో వేళ ఎందుకంటే, గుంట నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజాముకి బాగా పడిపోతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రెండున్నరకి ఆగితే పెంచలయ్యకి మిగిలింది రెండు మూడు గంటలే. ఆ గడువే సన్నివేశానికి టెన్షన్ ఇస్తుంది. వేళ రాసుకోకపోతే పది రోజుల తర్వాత మీరు దాన్ని సాయంత్రంగా ఊహించుకుని నింపాదిగా రాస్తారు. పాత్రకి ఇంకా తెలియనిది ఏమిటో రాయడం కూడా ముఖ్యం. మీకు తెలిసింది పాత్రకీ తెలిసిపోయినట్టు రాయడం, విరామాల మధ్య రాసిన నవలల్లో తరచూ కనిపించే లోపం.

చీటీతో పాటు పాత్రల చిట్టా ఒకటి ఉండాలి. వయసు, ఊరు, చదువు ఎలాగూ రాస్తారు. వాటికంటే పనికొచ్చేది ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో రాసుకోవడం. పెద్దకోడలు మామగారిని "మామా" అంటుందా "మామయ్యా" అంటుందా, పాలేరు యజమానిని "రెడ్డీ" అంటాడా "అయ్యా" అంటాడా, భార్య భర్తను ఎలా కేకేస్తుంది. నెల రోజుల విరామంలో ముందు చెదిరిపోయేవి ఈ పిలుపులే. పాఠకులు వెంటనే పట్టుకునేవీ ఇవే.

5. ఇంట్లో వాళ్లతో తేల్చి మాట్లాడండి

"నాకు కాస్త టైమివ్వండి" అంటే ఎవరూ ఇవ్వరు, ఎంత ఇవ్వాలో వాళ్లకి తెలియదు గనక. గంట చెప్పాలి, ఆ గంటలో వచ్చే పనులకు దారి మీరే చూపాలి. "అత్తా, తెల్లారి 5 నుంచి 5:45 దాకా నన్ను పిలవొద్దు. పాలగిన్నె గడప దగ్గరే పెట్టా. మామ మాత్ర ఆరింటికి, అది నేనే ఇస్తా. ఆయన దగ్గు ఆగకపోతే మాత్రం తలుపు కొట్టు." ఇంత వివరంగా చెబితే ఎవరూ కాదనరు. ఎప్పుడు తలుపు కొట్టొచ్చో చెప్పడంతో వాళ్లకీ భయం పోతుంది, మీకూ తప్పు చేస్తున్నానన్న బాధ తగ్గుతుంది.

మగవాళ్లకి ఒక మాట. మన వైపు మగవాడు రాస్తానంటే ఇల్లు గొంతు తగ్గిస్తుంది, కాఫీ బల్ల మీదకి వస్తుంది. ఆడవాళ్లు అంట్లు తోమి, ఇల్లు సద్దుమణిగాక రాస్తారు. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు ఈ తేడా ఇంకా పెరుగుతుంది. మీ నవల కోసం మీ భార్యో చెల్లెలో రాత్రి కాపలా రెండింతలు కాస్తుంటే, ఆ నవల ఆమె నిద్రతో రాస్తున్నది. ఆ రాత్రుల్లో సగం మీరు తీసుకోండి. జబ్బు మనిషి మాగన్నుగా పడుకున్నప్పుడు పక్కన కూర్చుని రాయడం సాధ్యమే, ఎంతోమంది ఆడవాళ్లు అలాగే రాశారు.

పిల్లలకి కూడా చెప్పండి. తొమ్మిది, పదేళ్ల పిల్లకి "అమ్మ ఇంకా 30 సార్లు కూర్చోవాలి" అని చెప్పి, గోడ మీద గళ్లు గీసి, కూర్చున్నప్పుడల్లా ఒకటి నింపమంటే, మీరు మానేసిన రోజు గుర్తు చేసేది ఆ పిల్లే.

6. ఎక్కడ, దేనితో

చోటు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆసుపత్రి వరండా, బడి స్టాఫ్ రూమ్, ఊళ్లో శాఖా గ్రంథాలయం ఏదైనా సరే. వైద్యం కోసం మద్రాసు తిరిగేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. నెల్లూరు నుంచి రైల్లో సుమారు మూడు గంటలు. పోయేటప్పుడు టెన్షన్‌తో రాయలేరు, వచ్చేటప్పుడు రాయొచ్చు, కిటికీ పక్క సీటు దొరికితే ఇంకా మంచిది.

పనిముట్ల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ బాగానే పనిచేస్తుంది, వంట చేస్తూ కూడా చెప్పొచ్చు. కానీ చుక్కలు, కొటేషన్లు సరిగా పడవు, మన యాస మాటల్ని తనకు తెలిసిన మాటల్లోకి మార్చేస్తుంది. పెంచలయ్య మాట్లాడింది వార్తల్లో మనిషిలా వచ్చేస్తుంది. అందుకని కథనం నోటితో చెప్పండి, సంభాషణ వేలితో టైపు చేయండి. వాయిస్‌లో చెప్పింది ఆ రోజే ఒకసారి సరిచూడండి. వారం దాటితే అసలు ఏమన్నారో మీకే అర్థం కాని వాక్యాలు ఉంటాయి.

రాసింది ఎప్పుడూ యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగా కనిపించే పద్ధతిలోనే ఉంచుకోండి. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో టైపు చేయించిన ఫైలు మీ ఫోన్‌లో తెలుగులా కనిపించదు, దొరికిన పావుగంటలో దాన్ని దిద్దలేరు.

కాపీల సంగతి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కోతకు గురైంది, ఎన్నో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు నెల్లూరు, ప్రకాశం తీరాలను తడిపి ముద్ద చేసింది. అలాంటి రాత్రి నోటుపుస్తకం గుర్తొచ్చేది మందుల సంచీ, ఇంటి కాగితాల తర్వాతే. ఆదివారం ఆదివారం చేతిరాత పేజీలను ఫోన్‌తో ఫొటో తీసి, వేరే ఊళ్లో ఉన్న ఒక మనిషికి పంపండి. వాళ్లు చదవక్కర్లేదు, దాచితే చాలు.

7. మీ ఇంటి గొడవను నవలలోకి రానివ్వాలా?

వస్తుంది. ఆపలేరు. ఆసుపత్రి వాసన, అప్పులవాడి మాట తీరు, చెల్లెలు ఫోన్ పెట్టేసిన పద్ధతి అన్నీ వచ్చి చేరతాయి. వాటిని నేరుగా నవలలో పెట్టకండి. పక్కన ఇంకో చిన్న పుస్తకం పెట్టుకుని అందులో ఆ రోజు కోపం, బాధ ఉన్నదున్నట్టు రాయండి. గొడవ నడుస్తుండగా రాసిన పేజీల్లో మీ అన్నయ్య దుర్మార్గుడిగానే వస్తాడు. ఏడాది తర్వాత చూస్తే వాడి భయం కూడా మీకు కనిపిస్తుంది, అప్పుడే వాడు నవలలో పాత్రగా నిలబడతాడు. కోర్టులో కేసు నడుస్తున్నప్పుడు ఆ విషయాన్ని పోలిన సన్నివేశాన్ని అచ్చులోకి తేవడం అసలే మంచిది కాదు. మంచం మీదున్న మనిషి విషయంలో నాది ఇంకా గట్టి అభిప్రాయం. వాళ్ల నిస్సహాయతను, ఒంటి మీద గుడ్డ జారిన క్షణాలను, వాళ్లకి తెలియకుండా రాయకూడదు. మాట్లాడగలిగితే అడగండి. మాట్లాడలేకపోతే వదిలేయండి, వేరే వివరంతో ఆ సన్నివేశం నడుస్తుంది.

8. నెలల విరామం వచ్చేసిందా? గొంతు కలపండి

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి మూడు నాలుగు నెలలు పోతాయి. మళ్లీ రాస్తే కథ కలుస్తుంది గానీ గొంతు, అంటే కథ చెప్పే తీరు, కలవదు. ఈ పని మన నేల మీదే ఒకాయన చాలా పెద్ద ఎత్తున చేసి చూపించాడు. నన్నయ భారతాన్ని అరణ్యపర్వం మధ్యలో ఆపాడు. నెల్లూరు మనుమసిద్ధి దగ్గరున్న తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా నడిపాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఆయన. అయినా ఆ భాగాన్ని నన్నయే రాసినట్టుగా రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. నన్నయ ధోరణిలో మొదలుపెట్టి, మెల్లగా తిక్కన ధోరణి వైపు జరిగాడని పండితులంటారు. అటు చివరా ఇటు చివరా ఏముందో వినిపించుకుంటూ నడుమ భాగం రాశాడన్నమాట.

మీరు చేయాల్సిందీ అదే. ఆగిపోయిన చోటికి ముందున్న పది పేజీలను కళ్లతో కాకుండా నోటితో, గట్టిగా చదవండి. చివరి రెండు పేరాలను చేత్తో తిరగరాయండి, ఒక్క మాట మార్చకుండా. వాక్యం ఎంత పొడవుందో, ఎక్కడ ఆగుతోందో చేతికి తెలుస్తుంది. వెంటనే మూడో పేరా కొత్తగా రాయండి. తర్వాత అట్ట లోపలి ముగింపు పేజీ తీసి చదవండి. కొత్త పేరా అటూ ఇటూ రెండిటితోనూ మాట్లాడుతున్నట్టు అనిపిస్తే ముందుకు పోవచ్చు.

9. ఆఖరి పని

చివరి సన్నివేశానికి టిక్కు పడ్డాక కనీసం మూడు వారాలు ముట్టుకోకండి. ఆ మూడు వారాలు రాత్రి కాపలా మొత్తం మీరే తీసుకోండి, ఇంట్లోవాళ్లకి అది అందాల్సిన సెలవు. తర్వాత ఇద్దరికి చదవడానికివ్వండి. ఒకరు మీ నవలలోని పని తెలిసినవాళ్లయి ఉండాలి. రొయ్యల గుంటల నవలను సాగుచేసే మనిషి చదివితే, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎప్పుడు ఎత్తుతారో, ఏ కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎలా బేరమాడతారో తప్పు పోకుండా చెబుతాడు. రెండోవాళ్లు మీ ఇంటి సంగతి తెలియని పాఠకులైతే మేలు. తెలిసినవాళ్లు జాలితో చదువుతారు.

అచ్చుకి ఇచ్చేటప్పుడు పేజీలు కట్టే డీటీపీలో చాలాచోట్ల యూనికోడ్‌ను పేజ్‌మేకర్‌లో పనిచేసే ఫాంటులోకి మారుస్తారు. అక్కడ ఒత్తులు జారిపోతాయి, కొన్ని అక్షరాలు మాయమవుతాయి. ముందు ఎంత బాగా దిద్దినా సరే, మార్చాక వచ్చిన ప్రూఫుని మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే. సొంతంగా వేసుకుంటుంటే ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) కోసం రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో మీరే దరఖాస్తు చేయొచ్చు. మన దేశంలో దానికి రుసుము లేదు. మొదటి ప్రూఫు చేతికొచ్చిన రోజే దరఖాస్తు పెట్టేయండి, ప్రింటుకి వెళ్లేముందు దాని కోసం ఆగాల్సిన పని ఉండదు.